ఈ చెట్టు తల్లి ఎక్కడుంది? పెద్ద తరగతుల పిల్లలకు బొటానికల్ గార్డెన్‌లో వృక్ష సంరక్షణ నేర్పడం

మా పాత కళాశాల ప్రహరీ గోడ వెంట 24 ఎర్రచందనం చెట్లు వరసగా ఉన్నాయి. 18 ఏళ్ళ కిందట ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలతో కలిసి నాటాను. ఆ వేసవి బిందెలతో నీళ్ళు మోశాం, మేకలు రాకుండా చుట్టూ ముళ్ళకంప కట్టాం. ఒక్కటి కూడా చావలేదు. ఆ వరసను చూసినప్పుడల్లా అరుదైన జాతి ఒకదాన్ని నిలబెట్టామన్న తృప్తి కలిగేది. కొన్నేళ్ళ తర్వాత ఒక విద్యార్థిని ఆ చెట్ల నీడలో నిలబడి, "మేడం, వీటి విత్తనాలు ఎక్కడి నుంచి తెచ్చారు?" అని అడిగింది. ఆఫీసు గది ముందున్న చెట్టు కింద ఏరినవేనమ్మా అన్నాను. ఆ మాట అంటుండగానే విషయం నాకు తట్టింది. 24 చెట్లూ ఒకే తల్లి బిడ్డలు. ఆ తల్లి ఏ కొండ నుంచి వచ్చిందో, ఎవరు తెచ్చి నాటారో చెప్పే చిన్న కాగితం ముక్క కూడా మా దగ్గర లేదు.

చెట్టు బతకడం వేరు, జాతి బతకడం వేరు. ఈ తేడా పదహారేళ్ళు దాటిన పిల్లలకు బాగా అర్థమవుతుంది. వాళ్ళకు జన్యుశాస్త్రం కొంత తెలుసు, లెక్కలు వచ్చు, అన్యాయమంటే కోపం వస్తుంది. "చెట్లు మనకు ప్రాణవాయువు ఇస్తాయి" అనే మాట వాళ్ళు ఒకటో తరగతి నుంచి వింటున్నారు. ఇంటర్, డిగ్రీ పిల్లలను తోటకు తీసుకెళ్ళి మళ్ళీ అదే చెబితే వాళ్ళ తెలివిని మనం గౌరవించనట్టే. తిరుపతిలో కొండ కింద ఉన్న ఒక తోటలో ఏళ్ళ తరబడి పాఠం చెప్పాక నాకు కుదిరిన పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. మీ జిల్లాకు, మీ కొండకు తగినట్టు మార్చుకోండి.

ముందుగా మీరొక్కరే వెళ్ళి రండి

పిల్లలను తీసుకెళ్ళడానికి వారం ముందు ఒకసారి తోటంతా తిరగండి. అధికారిని కలిసి ఎంతమంది వస్తారు, ఏ రోజు వస్తారు, రాలిన కాయలు ఏరుకోవచ్చా అన్నవి రాతపూర్వకంగా అడిగి అనుమతి తీసుకోండి. ఆ తర్వాత తప్పనిసరిగా తోటమాలిని కలవండి. అధికారులు బదిలీ అవుతారు, తోటమాలి అక్కడే ఉంటాడు. ఏ చెట్టు ఏ నెలలో కాస్తుందో, ఏది ఎన్నేళ్ళుగా పూయలేదో, ఏ మొక్క మూడుసార్లు చచ్చి నాలుగోసారి నిలదొక్కుకుందో ఆయనకు తెలుసు. పాఠం చెప్పే రోజు ఆయన్ను పిల్లల ముందు కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడించండి. పిల్లలు ఆయన్ను "అన్నా" అని పిలిచి ప్రశ్నలు అడిగే చనువు మొదటి పది నిమిషాల్లో కుదరాలి.

ఎర్రచందనం కాయలు ఎండి రాలే కాలం కాబట్టి నేను సంక్రాంతి సెలవులు అయిన వెంటనే వెళ్తాను. చలి ఇంకా ఉంటుంది, ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు దాకా హాయిగా పని చేయవచ్చు. ఒక ఉపాధ్యాయునికి 30 మందికి మించి వద్దు. ఐదుగురికి ఒక జట్టు. ప్రతి జట్టుకూ ఒక పెద్ద నోటు పుస్తకం, పెన్సిలు, టేపు, కొమ్మలు కత్తిరించే కత్తెర, పాత వార్తాపత్రికలు, కాగితపు సంచులు ఇవ్వాలి. పాలిథీన్ సంచి వద్దు, అందులో కాయలు చెమర్చి బూజు పడతాయి.

ఒక్క ఉదయంలో నాలుగు చెట్లు చాలు. మొదటి ఏడాది నేను 40 చెట్ల ముందు ఆపి పేర్లు రాయించాను. వారం తర్వాత అడిగితే పేర్లు చెప్పగలిగారు గానీ ఒక్క చెట్టు గురించి కూడా ఒక్క ప్రశ్న అడగలేకపోయారు. మా వైపు అయితే నాలుగు చెట్లను ఎంచుకోవడం కష్టం కాదు. ఎర్రచందనం, పేరిత, తంబజాలారి, కొండ సాంబ్రాణి. నాలుగూ తూర్పు కనుమల దక్షిణ భాగంలో, ముఖ్యంగా శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగవు. 2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించడానికి ఇలాంటి మొక్కలు ఒక ముఖ్య కారణం. బస్సులో కూర్చుని కిటికీలోంచి రోజూ చూసే కొండే ఇంత ప్రత్యేకమైనదని తెలిసినప్పుడు పిల్లల ముఖాలు మారిపోతాయి. ఆ క్షణం కోసం తొందరపడకుండా కాసేపు ఆగండి.

పేరు పలక, దాని వెనకున్న రిజిస్టరు

తోటలో మొదటి గంట చెట్టును చూడనివ్వను, పలకను చదివిస్తాను. మంచి తోటలో పలక మీద పేర్లతో పాటు ఒక చేరిక సంఖ్య ఉంటుంది. మొదట సంవత్సరం, తర్వాత వరస సంఖ్య, ఉదాహరణకు 2009-0147. ఆ సంఖ్య పట్టుకుని ఆఫీసులోని రిజిస్టరు తెరిస్తే ఆ మొక్క ఎక్కడి నుంచి, ఎవరి చేతుల మీదుగా, విత్తనంగానా మొలకగానా, ఎన్ని తల్లుల నుంచి వచ్చిందో తెలియాలి. ప్రపంచమంతటా తోటలు మొక్కల మూలాన్ని నాలుగు రకాలుగా రాసుకుంటాయి: నేరుగా అడవి నుంచి తెచ్చినది, అడవి మొక్క సంతతి, తోటలో పుట్టినది, తెలియదు. ఒక్కో జట్టుకు ఐదేసి చెట్లు అప్పగించి, వాటి మూలం వెతకమనండి. చాలాచోట్ల "తెలియదు" అన్న గడి నిండిపోతుంది. పలకే లేని చెట్లుంటాయి, పలక ఉండి రిజిస్టరులో లేనివి ఉంటాయి. దీన్ని తోటవాళ్ళ తప్పుగా చూపించకండి. సిబ్బంది తక్కువ, చెట్లు ఎక్కువ, పాత పుస్తకాలకు చెదలు. పిల్లలు గ్రహించవలసిన విషయం వేరు. మూలం తెలియని చెట్టు నీడనిస్తుంది, పువ్వునిస్తుంది, పాఠానికి పనికొస్తుంది. కానీ రేపు అడవిలో ఆ జాతి తగ్గిపోతే దాని విత్తనాన్ని ఏ కొండ మీదికి తిరిగి పంపాలో ఎవరూ చెప్పలేరు.

కాయ కోసి చూడటం

ఎర్రచందనం చెట్టు కింద అరగంటకు పైగా కూర్చోండి. ఆకును చూపించండి. ఒక్కో ఆకులో సాధారణంగా మూడు పత్రకాలు, చివరిది కాస్త పెద్దది. దీని దగ్గరి చుట్టం వేగిస పక్కనే ఉంటే రెండింటినీ చేతిలో పెట్టి పోల్పించండి, వేగిసకు ఐదు నుంచి ఏడు దాకా ఉంటాయి. కాయలు మాత్రం ఇద్దరికీ ఒకే పోలిక: గుండ్రంగా, పలచగా, అప్పడం ముక్కలా ఉండి, మధ్యలో గట్టి గడ్డ, చుట్టూ రెక్క. రెండూ టెరోకార్పస్ ప్రజాతివే. గ్రీకులో ఆ మాటకు రెక్కకాయ అని అర్థం. ఒక కాయను మెట్ల మీది నుంచి గాలిలోకి వదలమనండి. తిరుగుతూ ఎంత దూరం వెళ్ళిందో టేపుతో కొలవమనండి. ఆ కొలతలో ఆ చెట్టు తన బిడ్డలను ఎంత దూరం పంపగలదో కనిపిస్తుంది.

ఇప్పుడు కోత పరీక్ష. ప్రతి విద్యార్థీ రాలిన కాయలను పది ఏరాలి, బాగున్నవని ఎంచుకోకుండా, ఎదురైనవి ఎదురైనట్టు. మధ్య గడ్డను కత్తెరతో అడ్డంగా కోయాలి. బాగా గట్టిగా ఉంటుంది, వేళ్ళు జాగ్రత్త అని ముందే చెప్పండి. లోపల తెల్లగా, నిండుగా, చిన్న చిక్కుడు గింజలాంటి పప్పు కనిపిస్తే "నిండు". ముడుచుకుపోయి గోధుమరంగులో ఉంటే "ఎండు". ఏమీ లేకపోతే "ఖాళీ". పురుగు తిన్న రంధ్రం ఉంటే దానికి వేరే గడి. 30 మంది పదేసి కోస్తే 300 కాయల లెక్క మీ చేతిలో ఉంటుంది. బోర్డు మీద మొత్తం వేసేటప్పుడు తరగతి నిశ్శబ్దమైపోతుంది. ఎందుకంటే చెట్టు కింద పరుచుకున్న వందల కాయల్లో చాలావాటి లోపల ఏమీ ఉండదు. బయటి నుంచి చూస్తే అన్నీ ఒకటే.

ఒక అబ్బాయి పది కాయలు కోసి పదీ ఖాళీ అని చూపించి, తనది తప్పేమోనని ఇంకో పది అడిగాడు. ఆ పదిలో ఒక్కటి నిండుగా ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. కోసిన గింజ ఇక మొలకెత్తదని వాడికి తెలుసు. అందుకే ఈ పరీక్షకు కాయలు ఎన్ని వాడాలో ముందే తోటవాళ్ళతో మాట్లాడుకోవాలి, అవసరానికి మించి ఒక్కటి కూడా కోయకూడదు. చూడటానికి కూడా ఖర్చు అవుతుందన్న సంగతి సంరక్షణలో పెద్ద పాఠమే.

కోయకుండా మిగిల్చిన కాయలను నర్సరీకి ఇవ్వండి. రెక్కలు కత్తిరించి, రాత్రి నీళ్ళలో నానబెట్టి పగలు నీడలో ఆరబెడుతూ వారం రోజులు చేస్తే గట్టి తొడుగు మెత్తబడుతుంది. తర్వాత ఇసుక మడిలో విత్తాలి. పది పదిహేను రోజుల నుంచి మొలకలు మొదలవుతాయి, నెల దాటాక కూడా వస్తూనే ఉంటాయి. ఎన్ని విత్తాం, ఎన్ని వచ్చాయి అన్న లెక్క పిల్లలే రాయాలి.

పేరిత దగ్గర ఒక కథ

సైకస్ బెడ్డోమైని మా వైపు కొండవాళ్ళు పేరిత అంటారు. చూడటానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది. 25 కోట్ల ఏళ్ళు దాటిన వంశం, డైనోసార్లకంటే పాతది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొక్కల కోసం ఒక ప్రత్యేక షెడ్యూలు చేర్చినప్పుడు మొదట పెట్టినవి ఆరే పేర్లు. అందులో ఒకటి ఇది. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో కూడా అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది. మగ శంకువులను, అంటే పుప్పొడినిచ్చే కంకుల్లాంటి భాగాలను, మందుల కోసం కోసుకుపోవడం దీనికి పెద్ద దెబ్బ.

పాఠ్యపుస్తకంలో సైకస్ బొమ్మ గీసిన పిల్లలు మొక్క ముందు నిలబడి, ఇది మగదా ఆడదా అని అడిగితే తడబడతారు. శంకువు ఉంటే మగది. ఆడదానికి శంకువు ఉండదు. నడినెత్తిన ఆకుల్లాంటి గోధుమరంగు నిర్మాణాలు చుట్టూ పేర్చినట్టు ఉండి, వాటి అంచుల్లో అండాలు ఉంటాయి. మా తోటలో ఉన్నది మగది ఒక్కటే. పచ్చగా, ఆరోగ్యంగా ఉంది. పలక ఉంది. ఎవరైనా చూసి, ఇక్కడ ఈ జాతి భద్రంగా ఉందనుకుంటారు.

అక్కడ నేను పిల్లలకు దక్షిణాఫ్రికా సంగతి చెబుతాను. 1895లో జాన్ మెడ్లీ వుడ్ అనే వృక్షశాస్త్రవేత్త నటాల్‌లోని ఒంగోయే అడవిలో ఒక సైకడ్‌ను, అంటే మన పేరిత వంశానికే చెందిన మొక్కను, చూశాడు. తర్వాత ఆయన పేరే దానికి పెట్టారు, ఎన్సెఫలార్టోస్ వుడియై అని. అది మగ మొక్క. దాని పిలకల్లో ఒకటి 1899లో లండన్‌లోని క్యూ తోటకు చేరింది. ఆ తర్వాత ఎంత వెతికినా అడవిలో ఆడమొక్క దొరకలేదు. ఇప్పుడు ప్రపంచంలో చాలా తోటల్లో ఆ జాతి మొక్కలున్నాయి, కానీ అన్నీ ఆ ఒక్క మగ మొక్క పిలకలే. 120 ఏళ్ళు దాటినా దానికి ఒక్క గింజ పుట్టలేదు.

ఇది చెప్పాక నేనేమీ వివరించను. ఎదురుగా ఉన్న పేరితను చూస్తూ ఐదు నిమిషాలు రాయమంటాను. మన కొండల్లో ఇంకా ఆడ పేరితలు ఉన్నాయి, ఆ అదృష్టం మనకు మిగిలి ఉంది. వాళ్ళు రాసే వాక్యాల్లో ఆ మాట వాళ్ళంతట వాళ్ళకే వస్తుంది.

చింతగింజల ఆట

ఎన్ని తల్లుల నుంచి విత్తనం సేకరిస్తే సరిపోతుంది? దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, వంటింటి చింతగింజలు చాలు. గురివింద గింజలు మాత్రం వాడకండి, ఎంత అందంగా ఉన్నా విషం. ఒక గుడ్డసంచిలో వంద చింతగింజలు పోసి, వాటిలో ఐదింటికి సున్నం బొట్టు పెట్టండి. వంద గింజలు కొండ మీది వంద చెట్లు. సున్నం బొట్టు ఉన్నవి ఏదో అరుదైన గుణం ఉన్నవి: కరవును తట్టుకోవడం కావచ్చు, ఒక తెగులును ఎదుర్కోవడం కావచ్చు. ఇప్పుడు ఒక్కో జట్టూ చూడకుండా ఐదు గింజలు తీయాలి. చాలా జట్లకు బొట్టు గింజ రాదు. గింజలు తిరిగి వేసి పది, ఆ తర్వాత ఇరవై, ఆ తర్వాత యాభై.

డిగ్రీ పిల్లలైతే సంభావ్యత లెక్క కట్టించండి. ఐదు తీస్తే కనీసం ఒక్క బొట్టు గింజ దొరికే అవకాశం 23 శాతం. పది తీస్తే 42, ఇరవై తీస్తే 68, యాభై తీస్తే 97 శాతం. విత్తనాలు సేకరించేవాళ్ళు వీలైతే యాభై తల్లిచెట్లకు తగ్గకుండా సేకరించాలని ఎందుకంటారో ఈ నాలుగు అంకెలు చెప్పేస్తాయి. ఇక ఒక్క తల్లి నుంచే తీసుకుంటే? నేను మా ప్రహరీ గోడ వెంట ఉన్న 24 చెట్ల సంగతి అప్పుడు చెబుతాను. పిల్లలు దాన్ని మరిచిపోరు.

ఈ ఆట తర్వాత సమయం మిగిలితే మ్యాపు పని చేయించవచ్చు. ఒక జాతి కనిపించిన చోట్లను ఊహాత్మకంగా గుర్తించిన మ్యాపు ఇచ్చి, బయటి చుక్కలన్నిటినీ కలిపి వైశాల్యం కట్టమనండి. అది 5,000 చదరపు కిలోమీటర్లకు లోపు ఉంటే అంతర్జాతీయ ఎర్ర జాబితాలో "ప్రమాదంలో ఉన్నది" అనే వర్గానికి ఒక షరతు తీరినట్టు, 100కు లోపైతే "తీవ్ర ప్రమాదం". వైశాల్యం ఒక్కటే చాలదు. జాతి ముక్కలు ముక్కలుగా విడిపోయిందా, తగ్గుతూ వస్తోందా అన్నవి కూడా కలవాలి. మ్యాపు మీద చుక్కలు నిజమైనవి పెట్టకండి. కారణం చివర్లో చెబుతాను.

ఫ్రిజ్‌లో నిలవని విత్తనం

తంబజాలారి దగ్గరికి వచ్చేసరికి పిల్లలు అలసిపోయి ఉంటారు, కాబట్టి భాషతో మొదలుపెట్టండి. దీని శాస్త్రనామం షోరియా తంబుగ్గాయియా. ఆ రెండో మాట లాటిన్ కాదు, మన తెలుగు పేరే. రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు 1793లో కలకత్తా తోటకు అధిపతిగా వెళ్ళక ముందు సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణించాడు; చుట్టుపక్కల జనం పిలిచే పేర్లను చాలాచోట్ల శాస్త్రంలోకి తీసుకున్నాడు. సోమిద చెట్టు ప్రజాతికి సోయ్మిడా అనే పేరు కూడా మన మాట నుంచే వచ్చింది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలు శాస్త్రనామాలకు భయపడతారు. ఆ పేర్లలో తమ ఇంటి మాట కనిపిస్తే వాళ్ళ నడుము నిటారవుతుంది.

ఇక విషయానికి వస్తే, విత్తన బ్యాంకు ఉంటే చాలు కదా, అడవితో పనేముంది అని తెలివైన పిల్లలు ఒకరిద్దరు తప్పక అడుగుతారు. మంచి ప్రశ్న. చాలా విత్తనాలను 3 నుంచి 7 శాతం తేమకు ఆరబెట్టి మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచితే దశాబ్దాలు బతుకుతాయి. విత్తనంలో తేమ ఒక్క శాతం తగ్గితే, లేదా నిల్వ ఉష్ణోగ్రత ఐదు డిగ్రీలు తగ్గితే దాని ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందని ఒక పాత లెక్క. ఎర్రచందనం లాంటివి ఈ దారిలో నడుస్తాయి. తంబజాలారి నడవదు. వేసవి చివర రాలిన దాని గింజ రోజుల్లో మొలకెత్తాలి, లేదా చచ్చిపోవాలి. ఆరబెడితే చస్తుంది. దాన్ని దాచుకునే డబ్బా అడవి ఒక్కటే, లేకపోతే బతికున్న చెట్లతో నిండిన తోట.

దీన్ని పిల్లలు ఇంట్లో చేసి చూడాలి. తంబజాలారి గింజలు అక్కర్లేదు, జూన్‌లో నేరేడు పళ్ళు తిని గింజలు కడిగి దాచమనండి. పది గింజలను వెంటనే తడి ఇసుకలో, పది గింజలను రెండు వారాలు ఎండబెట్టి తర్వాత అదే ఇసుకలో విత్తాలి. పక్కన శనగలతో అదే పని. నేరేడు ఒక్కో గింజ నుంచి రెండు మూడు మొలకలు రావచ్చు, కాబట్టి మొలిచిన గింజలను లెక్కించాలి, మొలకలను కాదు. ఆరిన శనగ పది రోజుల్లో లేచి నిలబడుతుంది, ఆరిన నేరేడు కుళ్ళిపోతుంది. ఆ కుళ్ళిన గింజను తవ్వి చూసిన పిల్ల మళ్ళీ విత్తన బ్యాంకు అన్నిటికీ మందు అని అనదు.

కొండ సాంబ్రాణి దగ్గర తక్కువ సేపే ఆపుతాను. బెరడు మీద పాత గాట్లు ఉంటే చూపించండి. జిగురు కోసం మళ్ళీ మళ్ళీ గాటు పెడితే చెట్టు నీరసించి పూత తగ్గుతుంది. మనుషులు తరతరాలుగా దాని పొగ వేసుకుంటున్నా, శాస్త్రం దానికి పేరు పెట్టింది 1961లోనే అని చెప్పండి. ఇంకా పేరు పెట్టనివి ఏమున్నాయో అన్న ఆలోచన వాళ్ళకు వదిలేయండి.

అడవి గొడవను దాచకండి

ఎర్రచందనం గురించి మాట్లాడి స్మగ్లింగు గురించి మాట్లాడకపోతే పెద్ద పిల్లలు మనల్ని నమ్మరు. రోజూ వార్తల్లో చూస్తున్నారు. 1995 నుంచి ఈ చెట్టు సైటిస్ రెండో అనుబంధంలో ఉంది, అయినా దుంగలు వెళ్తూనే ఉన్నాయి. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. దీన్ని చెప్పేటప్పుడు ఎవరి పక్షమూ పలకకండి, గొంతు పెంచకండి. నీడలో వలయంగా కూర్చోబెట్టి జట్లకు పాత్రలు ఇవ్వండి: అప్పు తీర్చడానికి కొండెక్కిన కూలీ, రాత్రి ఒంటరిగా గస్తీ తిరిగే ఫారెస్టు గార్డు, రెండెకరాల్లో ఎర్రచందనం వేసి నరకడానికి అనుమతుల కోసం తిరిగే రైతు, చెక్కబొమ్మలు చేసే కళాకారుడు, తేనె కోసం అడవికి వెళ్ళే యానాది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. తర్వాత ఒకే ప్రశ్న: ఈ ఐదుగురిలో ఎవరికి ఏం దొరికితే చెట్టు నిలుస్తుంది?

వీలైతే యానాది పెద్దలను ఒకరిని తోటకు పిలవండి. ఉపన్యాసకులకు ఇచ్చే గౌరవ పారితోషికమే వారికీ ఇవ్వండి, ఛార్జీలు వేరుగా ఇవ్వండి. తేనెపట్టులో ఎంత భాగం వదిలేస్తారు, దుంప తవ్వితే తీగను ఏం చేస్తారు అని పిల్లలు అడగాలి. వారు చెప్పింది రాసుకునే ముందు రాసుకోవచ్చా అని కూడా అడగాలి.

మీరు విజయవాడ వైపో విశాఖ వైపో ఉంటే చెట్లు మారతాయి, ప్రశ్న మారదు. కొండపల్లి బొమ్మ చేతిలో పెట్టి, ఇది తెల్లపొణికి చెక్క, ఆ చెట్టు ఇప్పుడు కొండపల్లి కొండ మీద ఎంత మిగిలింది అని మొదలుపెట్టండి. ఏటికొప్పాక లక్కబొమ్మ అయితే అంకుడు కర్రతో. బొమ్మ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ పాఠం ఉంది.

తిరిగి వచ్చాక

మ్యాపు మీద నిజమైన చుక్కలు వద్దన్న కారణం ఇది. అరుదైన మొక్క ఉన్న చోటు ఫోటోతో సహా వాట్సాప్‌లో తిరిగితే, అక్కడికి మొదట చేరేది దాన్ని తవ్వుకుపోయేవాడే. తోటకు వచ్చే ముందే ఫోనులో లొకేషన్ ఆపించండి. అడవికి వెళ్ళి సొంతంగా విత్తనాలు తేవడం చట్టరీత్యా నేరం కావచ్చని కూడా అప్పుడే గట్టిగా చెప్పండి. ఉత్సాహం ఉన్న పిల్లలే ఈ పొరపాటు చేస్తారు.

మార్కుల కోసం వ్యాసం రాయించకండి. ఒక్కో జట్టు ఒక్కో చెట్టుకు "జీవిత పత్రం" తయారుచేసి తోటకు ఇవ్వాలి: చుట్టుకొలత, పూత, కాయ, కోత పరీక్ష ఫలితం, మూలం, ఎవరిని అడిగాం, ఏ తేదీన. తర్వాతి ఏడాది వచ్చే పిల్లలు అదే పత్రంలో కింది వరస నింపుతారు. ఊళ్ళకు వెళ్ళినప్పుడు పంచాయతీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు, అంటే ఊరి మొక్కలు, జంతువులు, వాటి గురించి జనానికి తెలిసిన సంగతులు రాసే పుస్తకం, ఎక్కడుందో అడగమనండి. చాలామందికి అలాంటిది ఒకటి ఉందనే తెలియదు.

మా తోటలో ఆ ఒంటరి పేరితకు రిజిస్టరులో "మూలం: తెలియదు" అని ఉండేది. రెండేళ్ళ కిందట ఒక అమ్మాయి జీవిత పత్రం నింపుతూ ఆ గడి దగ్గర ఆగిపోయి, తోటమాలి పెద్దాయన దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఇంకో నాలుగు నెలల్లో ఆయనకు ఉద్యోగ విరమణ. "ఇది ఎవరు తెచ్చారన్నా?" అంది. "నేనే తెచ్చాను తల్లీ" అన్నాడు. పనిలో చేరిన కొత్తలో అప్పటి అధికారి వెంట తలకోన వైపు వెళ్ళాడట. వాన వల్ల కొండచరియ విరిగి దారి మీద పడి ఉన్న మూడు మొక్కలను గోనెసంచిలో చుట్టి తెచ్చారట. రెండు చచ్చిపోయాయి. ఇన్నేళ్ళలో ఎవరైనా అడిగారా అంటే, లేదన్నాడు. ఆ అమ్మాయి వెంటనే ఆయన చెప్పినదంతా రాసుకుని, చదివి వినిపించి, ఆయన సంతకం తీసుకుంది. రిజిస్టరులో "తెలియదు" అన్న మాటను కొట్టేయలేదు. దాని పక్కన పెన్సిలుతో తేదీ వేసి, "తలకోన వైపు కొండ, తెచ్చినవారి నోటి మాట ప్రకారం" అని రాసింది.